మా మేస్త్రీ పంచిన జాగలు

పోశెట్టి ఊరికే వచ్చే మనిషి కాదు. రామారెడ్డి నుంచి కామారెడ్డి దాకా నడిచివచ్చి, నేను చదువు చెప్పే బడి విడిచే వేళకు వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నీళ్లిస్తే తాగకుండా చెంబు చేతిలోనే పట్టుకున్నాడు. పోశెట్టికి మాట బయటికి రావడానికి ఎప్పుడూ కొంచెం సేపు పడుతుంది. తొందరపెడితే ఇంకా లోపలికి పోతుంది. అందుకని నేనూ పక్కన నిలబడ్డాను. చివరికి "అన్న పోయిండు" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. మా ఇద్దరికీ అన్న అంటే ఒక్కడే.

పోయింది మా బావుల ముఠా మేస్త్రీ. ఇరవై ఏళ్లకు పైగా రాతిదుమ్ము మింగిన ఛాతీ మూడేళ్లుగా దగ్గుతూనే ఉంది. ఈ చలికాలం దాటదని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. బావిలో పోతాడని ఊరంతా అనుకున్న మనిషి చివరికి మంచంలో పోయాడు. పోశెట్టితో కలిసి వెంటనే రామారెడ్డికి నడిచాను.

చదివేవారిలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన పేరు ఏ రాతి మీదా చెక్కలేదు. రామారెడ్డి, ఎల్లారెడ్డి, బీర్కూర్ చుట్టుపక్కల మీ పొలంలో బావి ఉంటే దాన్ని తవ్వించింది ఆయనే కావచ్చు, అంతే. పేరు నేనూ రాయడం లేదు. మేమెన్నడూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు. కాగితం కరువైన ఈ యుద్ధం రోజుల్లో ఒక బావుల మేస్త్రీ గురించి ఇంత రాయాలా అని ఎవరైనా అడగవచ్చు. నలుగురితో పని చేయించేవాళ్లు చదివితే పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే దాన్ని చెప్పడానికి నాకింకా ధైర్యం కూడలేదు.

నేను పిరికివాణ్ని. ఈ మాట రాయడానికి సిగ్గుపడను. నా పిరికితనానికి కూలి ఇచ్చిన మనిషి గురించి రాస్తూ దాన్ని దాచుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవాణ్ని. ఎద్దు కొమ్ము విసిరితే గట్టెక్కేవాణ్ని. ఉరిమితే పశువులను పొలంలోనే వదిలేసి ఇంట్లో దూరేవాణ్ని. "వీనికి నాగలి ఇస్తే సాలు గాదు, పాము పోయిన తోవ దున్నుతడు" అని మా బాపు నలుగురిలో అనేవాడు. పంతులు దగ్గర అక్షరాలు నేర్చుకోవడం ఒక్కటే నేను బెదరకుండా చేసిన పని. వానలు ఎగ్గొట్టిన ఏడాది మా బావి అడుగంటింది. ముగ్గురికి ఆ భూమి తిండి పెట్టదని తేలిపోయింది. అప్పుడు రామారెడ్డిలో బావి తవ్వుతున్న ముఠాలో నన్ను అప్పగించి, మా బాపు వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మొదటిరోజే నా సంగతి బయటపడింది. తాడు పట్టుకుని దిగుతూ దిగుతూ నాలుగు నిలువుల లోతులో ఆగిపోయాను. కాలు కిందికి పోదు, చెయ్యి పైకి రాదు. అడుగున బండ కొడుతున్న సాయిలు తలెత్తి చూశాడు. సాయిలు మా ముఠాలో అందరికన్నా బలమైనవాడు, అందరికన్నా నోటి దురుసు కలవాడు. "అన్నా, గబ్బిలం దిగింది! నడిమిట్ల యాలాడుతుంది!" అని అరిచాడు. బావి బావంతా నవ్వింది.

మేస్త్రీ నన్ను పైకి లాగించి గట్టు మీద కూర్చోబెట్టాడు. ఇక ఇంటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని "దేనికి బుగులైంది తమ్మీ?" అని అడిగాడు.

"తెల్వది అన్నా."

"తెల్వకుండ బుగులు కాదు. ఏదో చూసినవ్. ఏం చూసినవ్?"

అట్లా నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్పాను. "తూర్పు దరి నుంచి నీళ్లు కారుతున్నయ్. దిగేటప్పుడు తేటగున్నయ్. ఎక్కేటప్పుడు ఎర్రగున్నయ్."

ఆయన వెంటనే దిగి, ఆ దరిని, అంటే బావి గోడను, అరచేత్తో తడిమి, అందరినీ పైకి రమ్మన్నాడు. ఆ పూటంతా తవ్వకం ఆపి దరికి దుంగలు ఊత పెట్టించాడు. సాయంత్రం నాతో అన్నాడు: "ధైర్యమున్నోనికి దరి కనవడది తమ్మీ. వానికి రాయి ఒక్కటే కనవడ్తది. నీకు దరి కనవడ్డది. రేపటి నుంచి నువ్వు పైన కూసో. చూసుడే నీ పని." కూలి సాయిలుతో సమానమన్నాడు. సాయిలు మూడు రోజులు నా ముఖం చూడలేదు. ఆ తూర్పు దరి అప్పుడూ కూలలేదు, ఆ తర్వాతా కూలలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ రాసి పెట్టాలి.

పొద్దున్నే పనికి ముందు అందరం గట్టు మీద కూర్చుని జొన్న గట్క తినేవాళ్లం. మేస్త్రీ చివర తినేవాడు. అంతదాకా మా చేతులు చూస్తూ కూర్చునేవాడు. ఎవరు ఎంత తిన్నారని కాదు, ఎట్లా తిన్నారని. ఆ తర్వాతే ఎవరికి ఏ పనో చెప్పేవాడు. ఒక రోజు సాయిలు సమ్మెట అందుకోబోతే వద్దన్నాడు.

"ఇయ్యాల సమ్మెట ముట్టకు. ఇంట్ల కొట్లాడి వచ్చినవ్."

"నీకెవలు చెప్పిన్రు?"

"నీ ముద్ద చెప్పింది. గడ్డపార తీస్కో. కోపానికి గడ్డపార మంచిది, రాయి పగులుతది. సమ్మెట ఇస్తే పక్కోని చెయ్యి పగులుతది."

బండ కొట్టడం ఇద్దరి పని. ఒకడు రాతి మీద ఉలి నిలబెట్టి పట్టుకుంటాడు, ఇంకొకడు దాని మీద సమ్మెటతో కొడతాడు. దెబ్బ జానెడు పక్కకు పోతే పట్టుకున్నవాడి మణికట్టు ఉండదు. ఈ పనికి మా మేస్త్రీ ఎవరిని జోడు కట్టాడో చెబితే మీరు నమ్మరు. సాయిలుకు రాజయ్యను కట్టాడు. ఇద్దరిదీ ఒకే వాడ, ఇద్దరికీ పడదు. ఎప్పుడో రాజయ్య మేక సాయిలు నారు మేసింది, సాయిలు దాని చెవి కోశాడు. మేక చచ్చి ఏళ్లయింది గాని పగ మాత్రం బతికే ఉంది. ఇంకొక మేస్త్రీ అయితే చెరో మూలకు పంపేవాడు. మా మేస్త్రీ వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పాడు: "పొద్దుగాల రాజయ్య చెయ్యి నీ సమ్మెట కింద. పగటికి నీ చెయ్యి రాజయ్య సమ్మెట కింద. ఇద్దరు జర యాదిల పెట్టుకోండ్రి."

మధ్యాహ్నం కాగానే సమ్మెట చేతులు మారేది. నెల రోజులు వాళ్ల మధ్య మాట లేదు, దెబ్బల చప్పుడే. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆ తర్వాత పొగాకు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. స్నేహం కుదిరిందని అబద్ధం చెప్పను. ఒకరి చెయ్యి ఎంత దూరంలో ఉందో ఒకరికి కళ్లు మూసుకున్నా తెలిసేది, అంతే.

గంగవ్వ సంగతి ఇంకోరకం. మన్ను మోసే ఆడవాళ్లకు ఆమె పెద్ద. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన గంగవ్వకు ఏ ఊరూ మంచిది కాలేదు. ఆమె నోటికి జడిసి రెండు ముఠాల వాళ్లు పనిలోంచి తీసేశారు. మా మేస్త్రీ ఆమెను వెతుక్కుంటూ పోయి తెచ్చుకున్నాడు. "బాయిల మాట అడుగుకు పోదు. పొయ్యే గొంతు ఈమెది ఒక్కతిది" అనేవాడు. పోశెట్టికి మాట నిదానం, అడుగు నిదానం. చేతికి ఏది దొరికితే అది వదలడు. చిన్నప్పుడు పారిపోతున్న దున్నపోతు తోక పట్టుకుని రెండు పొలాలు ఈడ్చుకుపోయినా వదల్లేదట. అటువంటివాడికి బావిలోకి వేసే లావు తాడు, మోకు అప్పగించాడు. అడుగు నుంచి మన్ను పైకి రావాలన్నా, మనుషులు రావాలన్నా పోశెట్టి చేతుల మీదుగానే.

ఇట్లా ఒకరికొకరు పొసగని మమ్మల్ని చూసి ఎవరో పెద్దమనిషి "అయిదు వేళ్లు సమానంగుంటయా" అని జాలిపడ్డాడు. మేస్త్రీ నవ్వాడు. "సమానంగుంటే ముద్ద కలుస్తదా పటేలా? నోట్లెకు ఎట్ల పోతది?" అన్నాడు.

నాకు భయమేస్తే గొంతు పూడుకుపోతుంది. అది కూడా ఆయన గమనించాడు. అందుకని గంగవ్వ తట్టలు అందుకునే చోటే నన్ను కూర్చోబెట్టాడు. నేను దరిలో ఏదైనా చూసి "అక్కా" అంటే చాలు. ఆమె "పైకి రాండ్రి!" అని అరుస్తుంది, పోశెట్టి లాగుతాడు. నేను పిలిస్తే అందరూ పైకి రావాలి, ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. ఇది ఆయన పెట్టిన కట్టడి. తాను కింద ఉంటే తానే అందరికన్నా ముందు వచ్చేవాడు. మొదటి నెలలో ఎన్నిసార్లు పిలిచానో చెప్పలేను. ఒక్కసారి కూడా ఏమీ కూలలేదు. సాయిలు నాకు కాకి అని పేరు పెట్టాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడని ఆడవాళ్లు గొణిగేవారు. "కాకి అరిస్తే సుట్టాలొస్తరంటరు. రాకపోతే కాకిని ఎవలన్న కొడ్తరా?" అని మేస్త్రీ తేల్చేసేవాడు.

ఒకసారి నేనే ఆయన్ను అడిగాను, ఇన్నిసార్లు ఉత్తగా పిలుస్తున్నాను గదా, నన్నెందుకు ఉంచుకుంటున్నావని. "నువ్వు ఉత్తగ పిలిచిన నాడు ఒక పూట పని పోతది. పిలువకుండ ఊకున్న నాడు..." అని ఆగిపోయాడు. బావి గట్టు మీద అటువంటి మాట పూర్తిచేయకూడదు. మా ముఠాలో అది ఆచారం.

ఎల్లారెడ్డికి అవతల ఒక పల్లెలో బావి ఒప్పుకున్నది ఆ మరుసటి వేసవిలో. కొత్తగా కట్టిన పెద్ద ప్రాజెక్టు కాలువలు అప్పటికి ఆ వైపు పారుతున్నాయి. కింది పొలాల్లో చెరుకు నిలువెత్తు పచ్చగా ఉంది. మాకు పని ఇచ్చిన పటేలు భూమి మెరకలో ఉంది. కాలువ నీళ్లు కంటికి కనిపిస్తాయి గాని పొలం ఎక్కవు. ఆయన చెరుకు ఆకు చివరల నుంచి ఎండుతూ వస్తోంది. అటువంటప్పుడు ఏ మనిషికైనా ఓపిక ఉండదు, ఆయన్ను తప్పు పట్టను. పొద్దునా సాయంత్రం గొడుగు వేసుకుని వచ్చి గట్టు మీద నిలబడేవాడు.

ఆ బావి నాకు మొదటిరోజు నుంచీ నచ్చలేదు. పైన నల్లమట్టి, దాని కింద మొరం, ఆ కింద సుద్ద, అడుగున బండ. పడమటి దరిలో మొరం, సుద్ద కలిసే చోట ఒక గీత ఉంది. మధ్యాహ్నం అందరూ పనిముట్లు కింద పెట్టి అన్నానికి కూర్చున్నప్పుడు ఆ గీత దగ్గర సన్నగా రాలుతున్న చప్పుడు వినిపించేది. అందరికీ కాదు, నాకు. ఒకరోజు మేస్త్రీ నా పక్కనే కూర్చుని ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు విన్నాడు. ఆ రోజు ఆయన కంచంలో ముద్ద మిగిలిపోయింది.

ఏడు నిలువులు దిగాక మోకులో ఒక పురి తెగింది. గడ్డపారలు మొద్దుబారాయి. కొత్త మోకు, దుంగలు తేవడానికీ, గడ్డపారలు పదును పెట్టించడానికీ కామారెడ్డి పోవాలి. బండి మీద పోయి రావడానికి రెండు రోజులు. అందాక పని ఆపుదామని మేస్త్రీ పటేలును అడిగాడు.

"రెండు దినాలు బాయి ఖాళీగ పెడ్తరా? నా చెరుకు ఎవలు తడుపుతరు, నువ్వు తడుపుతవా?" అన్నాడు పటేలు.

మేస్త్రీ ఇంకో మాట అనబోయి ఆగాడు. తర్వాత సాయిలును పిలిచాడు. "పని నీ చేతుల పెడుతున్న. ఎంతన్న తగ్గనియ్యి, పరవాలేదు. ఎవ్వరి జాగ మార్చకు." సాయిలు ఆ మాట తప్పలేదు. నన్ను గట్టు మీది నుంచి లేపలేదు. పోశెట్టి చేతిలోంచి మోకు తీసుకోలేదు. మధ్యాహ్నం కాగానే రాజయ్యకు సమ్మెట ఇచ్చి తాను ఉలి పట్టుకున్నాడు. సాయిలును గురించి తర్వాత లోకం రకరకాలుగా అనుకుంది గనుక ఇది రాస్తున్నాను.

మొదటిరోజు నేను రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ సాయిలు గొణుగుతూనే పైకి వచ్చాడు. రెండోసారి పటేలు గట్టు మీదే ఉన్నాడు. ఏమయిందని అడిగాడు. అందరూ నన్ను చూశారు.

"రెండు బెడ్డలు రాలినయ్ పటేలా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. వంగి కింద నుంచి ఒక బెడ్డ తీసి నా అరచేతిలో పెట్టాడు. "గింత బెడ్డకా? పట్టుకో. అందాద చెప్పు, ఎంత బరువుంది?" అన్నాడు. ఆడవాళ్లు నవ్వారు. గంగవ్వ కూడా నవ్వింది. సాయిలు నవ్వలేదు గాని, నా వైపు చూడకుండా మోకు సర్దుకున్నాడు. సాయంత్రం గంగవ్వ నా దగ్గరికి వచ్చి "తమ్మీ, జర చూసి చెప్పు. అరిసి అరిసి నా గొంతు పోతుంది" అంది. ఆమె మనసులో ఏ చెడ్డా లేదు. నిజంగానే ఆమె గొంతు బొంగురుపోయింది.

మర్నాడు పొద్దున పడమటి దరిలోంచి చీమలు బయటికి వస్తున్నాయి. నోట్లో తెల్లటి గుడ్లు పట్టుకుని ఆ గీత వెంబడి బారులు కట్టి పైకి ఎక్కుతున్నాయి. కాసేపటికి గీత కింద సుద్ద తడిగా కనిపించింది. ముందు బొటనవేలంత, తర్వాత అరచేయంత. నాకు అంతా కనిపించింది. నోరు తెరిచాను కూడా. పటేలు ఎదుటి గట్టు మీద గొడుగు కింద ఉన్నాడు. పిలిస్తే ఈసారి చేతిలో చీమను పెడతాడనిపించింది. మేస్త్రీ పగటికల్లా వస్తాడు, ఆయనకే చూపిద్దాం అనుకున్నాను. ఇంకొక్క తట్ట పోనీ అనుకున్నాను. ఆ తట్ట పోయింది. ఇంకొకటి అనుకున్నాను. నా జన్మలో నేను ధైర్యంగా ఉన్నది ఆ ఐదారు తట్టల సేపే.

నేను పిలవలేదు. తట్ట అందుకోబోయిన గంగవ్వ నా ముఖం చూసింది. చూసి, తట్ట వదిలేసి, బొంగురు గొంతుతోనే బావి అడుగు దాకా అరిచింది. కింద ఇద్దరున్నారు. మోకు మీద ఒకసారి ఒక్కరే ఎక్కగలరు. తర్వాత రాజయ్య చెప్పాడు, సాయిలు సమ్మెట అవతల పారేసి, రాజయ్య కాలు పట్టి మోకు ముడిలో పెట్టాడట. "ముందు నువ్వు. పగటికి నా వంతు" అని నవ్వాడట. పోశెట్టి లాగాడు. రాజయ్య గట్టెక్కాడో లేదో పడమటి దరి దిగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కుప్ప మీంచి జొన్నలు జారినంత చప్పుడు.

రాజయ్య కాలు ముడిలోంచి తీయగానే పోశెట్టి మోకును అప్పటికే మళ్లీ కిందికి విసిరేశాడు. దాని కొస మట్టి కింద పడిపోయింది. పోశెట్టి దాన్ని బిగించి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వదలమని ఎంతమంది చెప్పినా వినలేదు.

మేస్త్రీ బండి పొద్దు వాలకముందే వచ్చింది. దూరం నుంచే గుంపును చూసి దిగి నడిచాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు, ఎవరు లేరో తెలిసేదాకా. ముందు పోశెట్టి దగ్గరికి పోయి, వేలు వేలూ విప్పి మోకు తీసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా "ఎప్పుడు చూసినవ్?" అన్నాడు.

"ఐదారు తట్టల ముందట" అన్నాను.

తిడితే బాగుండుననిపించింది. కొడితే ఇంకా బాగుండును. ఆయన అన్నాడు: "తప్పు నాది తమ్మీ. జాగలు పంచిన గని, జాగలకు మర్యాద పంచలే. నేనున్నన్ని దినాలు నీ మాట నిలబడ్డది. అది నా ముఖం చూసి నిలబడ్డది, నీ జాగను చూసి కాదు. నేను పోంగనే నీ జాగ ఖాళీ అయింది. అది నాకు ముందే తెల్వాలె." లేచి పటేలు ముందుకు పోయి, అందరూ వినేటట్టు "బాయి బందు పెట్టి పోవాల్సింది. పెట్టలే. తప్పు నాది" అన్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాడు. అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు.

నేను ఆగి చెబుతానన్న కారణం ఇదే. ఆయన పోయాడు గనుక ఆ మాట తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే. సాయిలు భార్య రామారెడ్డిలోనే ఉంది. ఇన్నేళ్లూ ఆమె ఎదురుపడితే తలదించుకుని పోయాను. నా దుఃఖం చూసి ఆమే నన్ను ఓదార్చేది. మేస్త్రీ పోయిన రోజు కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "పెద్ద తప్పు చేసిన గాని మంచోడు" అని ఆయన గురించి నాతో అంది. నేను ఊరుకున్నాను, అప్పుడు బావి గట్టు మీద ఊరుకున్నట్టే. ఇంటికి వచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఆమెకు చదువు రాదు. అచ్చయినా కాకపోయినా, వచ్చే ఆదివారం ఆమె వాకిట్లో కూర్చుని ఇది మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఆమె ఏమంటే అది పడతాను.

ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం మిగిలింది. సాయిలు మట్టి కింద ఉన్నాడు. పడమటి దరిలో సగం కూలి, మిగిలిన సగం బావి మీదికి ఒంగి, దుంగ ఆనించినా దిగిపోయేటట్టు నిలబడింది. తెల్లారనిద్దామని ఊరివాళ్లు అన్నారు. "సాయిలు కింద ఉండంగ మనం గట్టు మీద పండుకుంటమా?" అని మేస్త్రీ కొత్త మోకు నడుముకు చుట్టుకున్నాడు. "నేనొస్త" అని రాజయ్య ఊరివాళ్లు తెచ్చిన రెండో మోకు అందుకున్నాడు. పైన ఎవరు చూస్తారని ఎవరో అడిగారు. మేస్త్రీ నన్ను చూపించాడు.

గంగవ్వ అడ్డం వచ్చింది. "అన్నా, వాని చేతులు చూడు, ఎట్ల వణుకుతున్నయో."

"వణకనియ్యి. అవి వణుకుతున్నయ్ గనుకనే దిగుతున్న."

"నాతోని కాదన్నా" అని నేను ఏడ్చాను. ఆయన నా పక్కకు వచ్చి, నేనెప్పుడూ కూర్చునే చోటే నన్ను కూర్చోబెట్టాడు. "బెడ్డ రాలినా చెప్పు. ఏం రాలకపోయినా నీకు బుగులైతే చెప్పు" అని దిగాడు.

నాలుగు తట్టలు కూడా తోడకముందే నేను పిలిచాను. గంగవ్వ అరిచింది, పోశెట్టి, ఊరివాళ్లు కలిసి లాగారు. ఇద్దరూ పైకి వచ్చారు. ఏమీ కూలలేదు. మళ్లీ దిగారు. మళ్లీ పిలిచాను. మళ్లీ వచ్చారు. మూడోసారికి సాయిలు మోచెయ్యి బయటపడింది. దాన్ని పట్టుకుని రాజయ్య ఏడుస్తున్నప్పుడు నేను పిలిచాను. మేస్త్రీ ఆ చెయ్యి విడిపించి రాజయ్యను ముందు పంపించి తానూ వచ్చాడు. ఎందుకని అడగలేదు. గట్టు మీద ఎవరూ నవ్వలేదు. పటేలు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏడుసార్లు పైకి వచ్చామని రాజయ్య అంటాడు, నేను లెక్కపెట్టలేదు. పొద్దు గుంకే వేళకు సాయిలును పైకి తెచ్చారు. ఆ సాయంత్రమంతా పడమటి దరి నుంచి ఒక్క బెడ్డ కూడా రాలలేదు.

ఒంగిన ఆ దరి మేస్త్రీ నెత్తి మీదే ఉంది. తల కొంచెం పక్కకు తిప్పితే చాలు, కనిపిస్తుంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మన్ను తోడుతూ, నాలుగైదు దోసిళ్లకొకసారి తల ఎత్తి నా ముఖం చూసేవాడు. చూసి మళ్లీ వంగేవాడు.